మిరియాల ఘాటు వెతికిన మనిషి

1674 సెప్టెంబరులో హాలెండ్‌లోని డెల్ఫ్ట్ పట్నం నుంచి లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి ఒక ఉత్తరం వెళ్లింది. రాసినవాడు బట్టల వర్తకుడు. మా ఊరికి రెండు గంటల దూరంలో ఒక సరస్సు ఉంది, అడుగంతా ఊబి నేల, చలికాలంలో నీళ్లు తేటగా ఉంటాయి, ఎండలు ముదిరేసరికి తెల్లబారిపోయి పైన పచ్చటి మబ్బుల్లాంటి తెట్టు తేలుతుంది, చేపలు మాత్రం బాగా పడతాయి అని అందులో రాశాడు. ఆ పచ్చదనం మంచు కురవడం వల్ల వస్తుందని చుట్టుపక్కల పల్లెజనం అనుకుంటారట. సరస్సు పేరు కొట్టేసి కొల్లేరు అని పెడితే మా కైకలూరు, ఆకివీడు వాళ్లెవరికీ అనుమానం రాదు. మంచు దగ్గరే కాస్త తేడా. మనవాళ్లు మంచును కాకుండా బుడమేరూ తమ్మిలేరూ పైనుంచి మోసుకొచ్చే మురికిని తిడతారు.

పల్లెజనం మాట విని ఊరుకోకుండా ఆ వర్తకుడు ఆ నీళ్లు ఒక గాజుసీసాలో పట్టుకెళ్లాడు. మర్నాడు తన చేత్తో సానబట్టుకున్న లెన్సులోంచి చూశాడు. మరచుట్టలా మెలికలు తిరిగిన పచ్చటి చారలు, వాటి మధ్య కిందికీ పైకీ గిరగిరా తిరిగే జీవాలు. అప్పటిదాకా తాను జున్నుపెచ్చు మీద, బూజులో చూసిన అతిచిన్న పురుగు కన్నా వీటిలో కొన్ని వెయ్యిరెట్లు చిన్నవని రాశాడు. ఆయన పేరు ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్. 1632లో పుట్టి, తొంభయ్యేళ్లు బతికి, 1723లో పోయాడు. మెడిసిన్‌లో మైక్రోబయాలజీ మొదటి పేజీలో ఆయనకు డాక్టర్లం మేమిచ్చేది రెండు వాక్యాలు. తర్వాత సూక్ష్మజీవులకూ జబ్బులకూ సంబంధం తేల్చిన పాశ్చర్, కోక్‌ల దగ్గరికి పరుగెడతాం.

ఓపీ అయిపోయి, కాంపౌండరు షట్టరు సగం దించాక ఈయనతో కబుర్లు చెప్పుకోవడం నాకు చాలాకాలంగా అలవాటు. మా ఇంట్లోవాళ్లు దీన్ని పిచ్చి అనరు గానీ, ఇంకో మాటా వెతకరు.

ఆయనకు లాటిన్ రాదు, ఇంగ్లీషు రాదు. తన వీధిలో మాట్లాడే డచ్చి భాషలోనే దాదాపు రెండువందల ఉత్తరాలు రాశాడు. వైద్యం చదవలేదు. బట్టల కొట్టుతో పాటు మునిసిపాలిటీ కచేరీలో చిన్న ఉద్యోగం, తర్వాత సర్వేయరు పని, ఇంకా తర్వాత వైన్ పీపాలు కొలిచే పని. అంటే మాలాంటి బడుద్ధాయి డాక్టర్ల కన్నా లోకం తెలిసిన మనిషి. మా ఇద్దరికీ మాట కలిసేది బట్ట దగ్గర. డచ్చి తూర్పు ఇండియా కంపెనీకి హాలెండ్‌లో ఆరు శాఖలుంటే అందులో ఒకటి డెల్ఫ్ట్‌దే. ఆయన కొట్టు నడుపుతున్న కాలానికి ఆ కంపెనీకి మచిలీపట్నంలో, పాలకొల్లులో కోఠీలున్నాయి. బందరులో వలందపాలెం ఇప్పటికీ వాళ్ల పేరే మోస్తోంది. మా తీరపు నూలుగుడ్డ, అద్దకం గుడ్డ ఓడలెక్కి ఆ దేశం వెళ్లేవి. అందుకని మొదటి ప్రశ్న నేనే వేస్తాను.

"మా పాలకొల్లు గుడ్డ మీ కొట్లో ఉండేదా అండీ?"

"ఉండే ఉంటుంది. అంగుళానికి దారాలెన్నో అద్దంతో లెక్కపెట్టకుండా ఏ తానూ కొనేవాణ్ని కాదు."

ఇది నా ఊహే. బట్టల వర్తకులు దారాలు లెక్కపెట్టడానికి భూతద్దం వాడటం మాత్రం నిజం. సరుకు నాణ్యం చూసుకునే వ్యాపారి కన్నే సరస్సు నీటి మీద పడింది. ఉన్నది లెక్కపెట్టడం, లేనిది ఉందనుకోకపోవడం. ఆయనలో నాకు నచ్చేది ఇదే. నా బల్ల మీది రెండు కళ్ల మైక్రోస్కోపు చూసి ఆయన పెద్దగా ఆశ్చర్యపోడని నా నమ్మకం. అది వెయ్యిరెట్లు పెద్దది చేసి చూపిస్తుంది, అడుగున బల్బు వెలుగుతుంది. ఆయనది రెండు ఇత్తడి రేకుల మధ్య బిగించిన గాజుపూస, వెనక ఒక సూదిమొన, కంటికి ఆనించి వెలుతురుకేసి పట్టుకుని చూడాలి. మిగిలిన కొద్దిపాటి పరికరాల్లో మేలైనది సుమారు 270 రెట్లు చూపిస్తుంది. ఆ పూసతోనే ఎర్రకణాన్నీ, వీర్యకణాన్నీ, పళ్ల పాచిలో బాక్టీరియానూ చూశాడు. "దీని అద్దం నువ్వే సానబట్టావా?" అని నన్ను అడుగుతాడు. లేదంటే నా మీద ఉన్న గౌరవం కొంత తగ్గుతుంది.

తాడేపల్లిగూడెంలో పనిచేసిన రోజుల్లో ఒకాయన వచ్చాడు. ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు మోస్తాడు. కాళ్లు శుభ్రంగా ఉన్నాయి, వాపు లేదు, జ్వరం లేదు. బాధేమిటో చెప్పడానికి సిగ్గుపడి భార్యను ముందుకు తోశాడు.

"పొద్దున్నే పాలు పోసినట్టు పోస్తున్నారండీ. గడ్డకూడా కడతందండీ ఒక్కోసారి."

అంతకు ముందు ఎవరో ధాతువు పోతోందని చెప్పి లేహ్యం అమ్మారు. ఆయన కుమిలిపోయి, తిండి మానేసి, ఉన్న బలం కూడా పోగొట్టుకున్నాడు. అది ధాతువు కాదు, కొవ్వు. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు కాలిలోని లింఫు నాళాల్నే కాదు, కడుపులోని వాటిని కూడా పాడుచేస్తుంది. పేగుల నుంచి కొవ్వు మోసుకెళ్లే లింఫు దారి తప్పి మూత్రంలో కలుస్తుంది. కలకత్తాలో తిమోతీ లూయిస్ అనే ఆర్మీ డాక్టరు ఇలాంటి పాలమూత్రంలోనే ఫైలేరియా పిల్లపురుగుల్ని చూసి, 1872లో వాటినే మనిషి రక్తంలో కనిపెట్టాడు.

పగలు తీసిన రక్తంలో ఏమీ లేదు. ఉండదని తెలుసు. మన ప్రాంతపు పురుగు రాత్రిపూటే బయటి రక్తంలోకి వస్తుంది, అందుకే ఫైలేరియా యూనిట్ వాళ్లు చీకటి పడ్డాకే వీధుల్లోకి వచ్చి వేళ్లు పొడిచేవారు. రాత్రి పదకొండింటికి రమ్మంటే భార్యాభర్తలిద్దరూ ఒకే సైకిలు మీద వచ్చారు. రంగు వేయకుండా పచ్చి రక్తపుచుక్క మీద గాజుపలక మూసి చూశాం. సన్నటి దారంపోగు లాంటిది తన్నుకుంటోంది. దాని తోపులాటకు చుట్టూ ఉన్న ఎర్రకణాలు పక్కకు జరుగుతున్నాయి. కుర్చీలోంచి లేచి ఆయన్ని కూర్చోబెట్టాను. చాలాసేపు చూశాడు.

"ఇది నాదేనాండీ?"

"మీదేనండీ."

తర్వాత ఆవిడ చూసింది. ఆవిడ అడిగింది వేరు. "మరి పగలంతా ఎక్కడికి పోతాయండీ?" ఊపిరితిత్తుల్లోని సన్నటి రక్తనాళాల్లో దాక్కుంటాయని చెప్పాను. ఒక్క క్షణం ఆలోచించి, "దోమ కూడా రాత్రే కదండీ కుట్టేది" అంది. చైనాలోని అమోయ్‌లో పాట్రిక్ మాన్సన్ 1877లో దోమ కడుపులో ఈ పురుగు పెరగడం చూసి, ఆ తర్వాత రాత్రిపూట లెక్కలు కట్టి చేరిన చోటికి ఆవిడ తాడేపల్లిగూడెంలో నిలబడినచోటే చేరింది.

ఆ రాత్రి నుంచి ఆయన మాత్రలు ఒక్కపూట తప్పలేదు. ఆ మందు డైఇథైల్ కార్బమజైన్. దాన్ని 1947లో లోకానికి ఇచ్చింది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఎల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం. ఆయన పుట్టింది పక్కనున్న భీమవరంలో, బోదకాళ్ల సీమ నడిబొడ్డున. ఆ మాటా చెప్పాను. మనూరోడు చేసిన మందే అన్న ధైర్యం కొవ్వు తగ్గించి తినమన్న నా సలహా కన్నా బాగా పనిచేసిందేమో. మూత్రం పూర్తిగా తేటపడటానికి మాత్రం నెలలు పట్టింది.

ఈ సంగతి చెబితే లీవెన్‌హుక్ రోగి ఎలా ఉన్నాడని అడగడు. పురుగు ఎంత పొడుగుంది అంటాడు. మిల్లీమీటరులో పావు వంతు కాస్త అటూ ఇటూ అంటే ఆయనకు అర్థం కాదు. ఆయన కొలబద్ద ఇసుకరేణువు. ఎర్రకణం సన్నటి ఇసుకరేణువులో ఇరవై అయిదువేలో వంతని లెక్కగట్టిన మనిషి. అలాంటి ఎర్రకణాల్ని ఓ ముప్పై అయిదు వరసగా పేర్చినంత అంటాను. అప్పుడు తల ఊపుతాడు.

రోగికి అద్దంలో చూపించడం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. 1676లో ఆయన పంపిన ఉత్తరం లండన్‌లో చాలామంది నమ్మలేదు. ఒక నీటిచుక్కలో లక్షల జీవాలా అన్నారు. ఆయన వాదనకు దిగలేదు. పాస్టరు, నోటరీ లాంటి పెద్దమనుషులు ఎనిమిది మందికి చూపించి, వాళ్లు చూసింది వాళ్ల చేతే రాయించి పంపాడు. మరుసటి ఏడు నవంబరులో శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ తన మైక్రోస్కోపులో సొసైటీ సభ్యులకు చూపించాక నోళ్లు మూతపడ్డాయి. ఇప్పుడు మన దగ్గర ఏమవుతోంది? రక్తం గొట్టంలోకి, గొట్టం మెషీన్లోకి, మెషీన్లోంచి కాగితం, కాగితం మీద అంకెలు. అంకె లావు అక్షరాల్లో ఉంటే జబ్బు. మెషీను మంచిదే, నేను రోజూ వాడతాను. కానీ సైకిలు మీద వచ్చిన ఆ దంపతులకు ఒక అంకె చేతిలో పెట్టి పంపి ఉంటే లేహ్యం డబ్బా మళ్లీ తీసేవారు.

ఇంకో సంగతి చెబితే ఆయన నవ్వుతాడు. ఈ రోజున కొల్లేటి చుట్టుపక్కల ఎక్కువ పని చేసే మైక్రోస్కోపులు ఆస్పత్రుల్లో లేవు, ఆక్వా ల్యాబుల్లో ఉన్నాయి. రాగండి, బొచ్చె నీరసపడితే రైతు మొప్పల ముక్క తీసుకుని మోటారుసైకిలు మీద పరుగెత్తుకొస్తాడు. చెరువు నీటి రంగు చూసి ప్లాంక్టన్ ఎంతుందో చెప్పే రైతులు నాకు తెలుసు. ఆ రైతే తనకు విరేచనాలైతే మందుల షాపులో ఓ రెండు బిళ్లలు అడిగి మింగేసి సరిపెట్టుకుంటాడు.

విరేచనాల మాట వచ్చింది కాబట్టి రెండో కేసు చెబుతాను. ఏలూరులో నా దగ్గరికి ఒక లంక ఊరి నుంచి ఓ నాయనమ్మ మనవణ్ని తీసుకొచ్చింది. బడికెళ్లే వయసు, బడికెళ్లే బరువు లేదు. పొట్ట ఉబ్బరం, దుర్వాసనతో జిడ్డుగా తేలే విరేచనం, నెలల తరబడి. దిష్టి తీశారు, పాలు మానిపించారు, రకరకాల టానిక్కులు పట్టారు. విరేచనం స్లైడు మీద పెట్టి చూస్తే జియార్డియా. సగానికి కోసిన బేరిపండు ఆకారం, రెండు కళ్లున్నట్టు రెండు కేంద్రకాలు, ఆకు రాలుతున్నట్టు పల్టీలు కొడుతూ ఈదుతుంది. ఒకసారి చూసినవాళ్లు మర్చిపోలేరు. తాగేది టిన్ను నీళ్లేనని నాయనమ్మ గట్టిగా చెప్పింది, అది నిజమే. పళ్లు తోముకునేది, గిన్నెలు తొలిచేది, పిల్లాడు ఈతలో మింగేది ఏ నీళ్లో అడిగితే గానీ బయటపడలేదు. కొద్ది రోజుల మెట్రోనిడజోల్‌తో వాడు కోలుకున్నాడు.

ఈ జియార్డియాను లోకంలో మొదట చూసింది లీవెన్‌హుకే. 1681లో, తన విరేచనంలోనే. చూసింది చూసినట్టు రాశాడు. పొడుగు ఎక్కువ, వెడల్పు తక్కువ, పొట్టభాగం చదును, కాళ్ల వంటివి చాలా ఉన్నాయి, హడావుడి ఎక్కువ గానీ ముందుకు పోవడం తక్కువ అన్నాడు. గట్టిగా విరేచనం అయినప్పుడు అవి లేవు, పలచనైనప్పుడే ఉన్నాయి అని కూడా రాశాడు. దానికీ దీనికీ సంబంధం ఉందని మాత్రం అనలేదు. ఇక్కడే నాకు ఆయనతో గొడవ.

"గుమ్మం దాకా వచ్చి వెనక్కి ఎలా పోయారండీ? అవి ఉన్నప్పుడే పలచన అని మీరే రాశారు కదా?"

"రాశాను. పలచనైనందుకు అవి వచ్చాయో, అవి వచ్చినందుకు పలచనైందో నాకెవరు చెప్పారు?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఉందనుకున్నా అది ఆయన తర్వాత రెండువందల ఏళ్లకు కోక్ లాంటివాళ్లు ఇచ్చిందే, నాది కాదు. ఆయనకు తెలిసింది సరిగ్గా ఎంతో అంతే రాశాడు. ఇది మెచ్చుకోవాల్సిన గుణమని డాక్టరుగా నాకు చాలా ఆలస్యంగా, అదీ 2020 డిసెంబరులో బోధపడింది.

ఆ నెల అయిదో తారీఖున ఏలూరు వన్ టౌన్‌లో జనం ఉన్నట్టుండి పడిపోవడం మొదలైంది. నడుస్తున్నవాళ్లు, అన్నం తింటున్నవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. మూడు నాలుగు నిమిషాల ఫిట్స్, నోట్లో నురగ, లేచాక కాసేపు మతిమరుపు, తలనొప్పి, వాంతులు. కొన్ని గంటలకే చాలామంది మామూలైపోయి టీ అడిగేవారు. రోజుల్లోనే ఆరువందలు దాటారు. అసలే కరోనా భయం. కరోనా పరీక్షలు చేస్తే లేదు. వెన్నునీటిలో మెదడువాపు జాడ లేదు. స్కానింగుల్లో తేడా లేదు. మునిసిపల్ నీళ్లు అందేవాళ్లూ పడ్డారు, అందనివాళ్లూ పడ్డారు. కుటుంబంలో ఒకరు పడితే మిగతావాళ్లు బాగానే ఉన్నారు, కాబట్టి అంటువ్యాధి తీరు కాదు.

ఆ రోజుల్లో నా దగ్గర పడుకోబెట్టినవాళ్ల రక్తం స్లైడ్లు అన్నీ నేనే చూశాను. మలేరియా లేదు. తెల్లకణాలు మామూలుగానే ఉన్నాయి. తర్వాత ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని తేలింది. సీసం అనగానే మళ్లీ స్లైడ్లు బయటికి తీశాను. సీసం చాలాకాలం పేరుకుంటే ఎర్రకణాల్లో సన్నటి నీలిచుక్కలు కనిపిస్తాయి. నా స్లైడ్లలో లేవు. లేకపోతే సీసం లేదని కాదు, కొద్దిరోజుల్లో ఒంట్లోకి వెళ్లిన విషం కణం మీద సంతకం చేయదు. ఆ తర్వాత నిపుణుల మాట పురుగుమందుల అవశేషాల వైపు మొగ్గింది. అదీ అద్దానికి అందేది కాదు.

జనానికి కారణం కావాలి. నీళ్లన్నారు, కూరగాయలన్నారు, దోమలకు కొట్టిన పొగన్నారు, బ్లీచింగన్నారు. ఒకమ్మాయి తండ్రి నన్ను నిలబెట్టి అడిగాడు. పాపకు ఏం జరిగిందో, ఏం జరగలేదో, పరీక్షల్లో ఏం కనపడిందో, ఏం కనపడలేదో వరసగా చెప్పాను. ఆయన విని, "అంటే ఎందుకొచ్చిందో మీకూ తెలీదన్నమాట" అన్నాడు. "ఇంకా తెలీదండీ" అన్నాను. ఆయన కోప్పడలేదు. ఏ లక్షణం కనపడితే వెంటనే తీసుకురావాలో రెండోసారి చెప్పించుకుని, పాపను ఆటోలో ఎక్కించుకున్నాడు. ఆ వారమంతా ఏదో ఒక కారణం గట్టిగా చెప్పినవాళ్ల మాట కన్నా ఆ చిన్న జవాబు ఆయనకు ఎక్కువ ఉపయోగపడిందని నేననుకుంటాను.

ఈ కథంతా విన్నాక లీవెన్‌హుక్ మిరియాల సంగతి ఎత్తుతాడు. ఎత్తకపోతే నేనే ఎత్తుతాను. అది 1676 నాటి ఆ పేరుమోసిన ఉత్తరంలోనిదే. నాలుక మీద మిరియం ఎందుకు మండుతుందో తెలుసుకోవాలనిపించింది ఆయనకు. ముళ్లలాంటి మొనదేలిన రేణువులేవో కనిపిస్తాయేమోనని మిరియాలు వారాల తరబడి నీళ్లలో నానబెట్టి చూశాడు. ముళ్లు లేవు. ఎప్పుడూ ఎవరూ చూడనంత చిన్న జీవాలు ఈదుతున్నాయి. అవి బాక్టీరియా అని మనం ఇప్పుడంటున్నాం. మనిషి బాక్టీరియాను మొదట చూసింది వంటింటి దినుసు నానబెట్టిన నీళ్లలో, వేరే దేనికోసమో వెతుకుతుండగా. ఘాటు మాత్రం ఎంత మంచి లెన్సు పెట్టినా కనపడదు, అది ఆకారంలో లేదు, రసాయనంలో ఉంది. ఆ రసాయనం పైపెరిన్‌ను విడదీయడం 1819లో గానీ కుదరలేదు.

"మీ ఏలూరు విషం నా మిరియం లాంటిదే" అంటాడు ఆయన. "ఘాటు కనపడలేదని నేను రాశాను. మీవాళ్లు రాశారా?"

కొందరు రాశారు. రాయనివాళ్ల గురించి ఆయనకు చెప్పను, ఊరి పరువు.

ఒక్క విషయంలో మాత్రం ఆయన్ని వదిలిపెట్టను. అంత చూసిన మనిషి ఎవరికీ నేర్పలేదు. మేలైన లెన్సులు ఎలా చేస్తాడో చెప్పలేదు, అతి మంచివాటిని వచ్చినవాళ్లకు చూపించనే లేదు. కుర్రవాళ్లకు నేర్పరాదా అని జర్మన్ తత్వవేత్త లైబ్నిట్జ్ రాస్తే, చదువుకునేవాళ్లలో ఎక్కువమందికి కావలసింది డబ్బూ పేరూ, ఈ పనికి వెయ్యిమందిలో ఒకరు కూడా సరిపోరు అని జవాబిచ్చాడు. రాయల్ సొసైటీకి రాసిచ్చిన 26 వెండి మైక్రోస్కోపులు కూడా తర్వాత ఎక్కడో పోయాయి. ఆయన పోయాక చాలాకాలం ఆయన చూసినంత లోతుగా ఎవరూ చూడలేకపోయారు.

నాకు తెలిసిన ఒక ల్యాబ్ టెక్నీషియన్ ఉన్నాడు. ఉద్యోగమంతా ఫైలేరియా స్లైడ్ల మీద గడిపి రిటైరయ్యాడు. నేను మాస్టారూ అంటాను. ఎంఎల్‌టీ చదివే పిల్లలు ఆయన దగ్గరికి వస్తుంటారు. మొదట్లో వాళ్లను ఏ జబ్బు పేరూ చెప్పనివ్వడు. కనపడింది బొమ్మ వేయమంటాడు, అంతే. కొల్లేటి లంక నుంచి వచ్చిన ఓ అమ్మాయి ఒకరోజు నాకు ఫోను చేసింది. "సార్, ఒకసారి వస్తారా, మూత్రంలో ఇదేంటో మాస్టారికీ తెలీడం లేదు." వెళ్లేసరికి బొమ్మ గీసి ఉంది. గుండ్రం, మందమైన గోడ, ఒక పక్క చిన్న రంధ్రం. నాకూ తెలియలేదు. రెండు రోజులకు ఆ అమ్మాయే తేల్చింది, కిటికీ పక్కన మూతపెట్టకుండా ఉంచిన సీసాలో పడిన గడ్డి పుప్పొడి. బయట కాలవగట్టు మీద పూసిన గడ్డి దులిపి, స్లైడు మీద పెట్టి పోల్చుకుంది.

వెయ్యిలో ఒకరు కూడా రారన్నారు కదా అని ఆ బొమ్మ లీవెన్‌హుక్ ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసి, కొలత వేయలేదేం అన్నాడు. వేసిందండీ, కింద చూడండి అన్నాను. ఎర్రకణానికి నాలుగు రెట్లు.